మూడు గడపలు తొక్కిన కథ

ఈ ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసము కావలెనని సంఘము పెద్దలు మమ్ము కోరినారు. రాజుల చరిత్రలు, దేవాలయముల చరిత్రలు, మన పూర్వులు ఈ ప్రాంతములకు వచ్చి స్థిరపడిన చరిత్రలు మనము తరచు చదువుకొనుచునే యున్నాము. ఈసారి ఒక కథ యొక్క వలస చరిత్ర చెప్పుకొందము. అది దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు రాజధాని బొగొటాలో పుట్టినది. తరువాత బొంబాయిలో హిందీ నేర్చినది. ఆపైన న్యూయార్కులో కాపురము పెట్టి ఇంగ్లీషు నేర్చినది. అది ఒక టెలివిజన్ ధారావాహిక. పండుగనాడు టెలివిజన్ ముచ్చట ఏమిటని కొందరు పెద్దలు ముక్కున వ్రేలు వేసుకొనవచ్చును. కాని ఇంటి భాష ఒకటి, వీధి భాష ఒకటిగా బ్రతుకుచున్న మనకు, ఒకచోట పుట్టినది మరొకచోట ఎట్లు బ్రతుకుననుట పరాయి ప్రశ్న కాదు గదా!

పరాయి కథను తెచ్చుకొనుట తెలుగువారికి క్రొత్త కాదు. నన్నయ భట్టారకుడు వ్యాస భారతమును మాటకు మాటగా తెలిగించలేదు. తెలుగు సభకు తగినట్లు చెప్పినాడు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో ప్రకటింప నారంభించిన రాజశేఖర చరిత్రమునకు ఒరవడి గోల్డ్‌స్మిత్ అను ఆంగ్లకవి వ్రాసిన నవల. పంతులుగారు ఇంగ్లండు పల్లెను వదలి కథను గోదావరి ఒడ్డున ధవళేశ్వరములో నిలిపినారు. అది ఎంత తెలుగైపోయినదనగా, 1887లో దానిని ఇంగ్లీషులోనికి అనువదించి లండనులో అచ్చువేసినారు. మన ఇండ్లలో ఇప్పటికిని అందరును కూర్చుండి చూచెడి 'గుండమ్మ కథ' 1962లో వచ్చినది. దానికి మూలము 1958 నాటి కన్నడ చిత్రము 'మనె తుంబిద హెణ్ణు'. కనుక తెచ్చుకొనుట తప్పా ఒప్పా అని వాదించుకొనవలసిన పని లేదు. తెచ్చుకొన్నవారు ఏది ఉంచుకొన్నారు, ఏది మార్చుకొన్నారు, ఎందుకు మార్చుకొన్నారు అన్నదే చూడవలసినది.

పుట్టినిల్లు

కొలంబియాలో 1998 జూలైలో రెండు ప్రైవేటు టెలివిజన్ సంస్థలకు సొంత చానళ్ళు వచ్చినవి. అందులో ఒకటి ఆర్.సి.ఎన్. మరుసటి సంవత్సరము 1999 అక్టోబరు 25న ఆ సంస్థ 'యో సోయ్ బెట్టీ, లా ఫెయా' అను ధారావాహికను ప్రారంభించినది. 'నేను బెట్టీని, అందము లేనిదానను' అని దాని అర్థము. వ్రాసినవారు ఫెర్నాందో గైతాన్. 1994లో కాఫీతోటల నేపథ్యముగా ఒక ధారావాహిక వ్రాసి అప్పటికే పేరు గడించినవాడు. ఆయన 2019 జనవరిలో కన్నుమూసినాడు.

ఆ సంవత్సరము కొలంబియాకు మంచి సంవత్సరము కాదు. దేశపు ఉత్పత్తి నూటికి నాలుగు పాళ్ళకు పైగా పడిపోయినది. పట్టణములలో పనికొరకు వెదకుచున్న ఐదుగురిలో ఇంచుమించు ఒకరికి పని లేదు. అట్టి కాలములో బెయాత్రీస్ పిన్సోన్ అను పిల్ల తెర మీదికి వచ్చినది. అర్థశాస్త్రము చదివినది; ఆర్థిక నిర్వహణలో పై చదువు కూడ చదివినది. మార్కులలో ఆమెకు సాటి లేదు. కాని దళసరి కళ్ళజోడు, పండ్లకు క్లిప్పులు, నుదుటిపై పడెడి జుట్టు, అమ్మమ్మ నాటి దుస్తులు! ఫొటో జతపరచి పంపిన దరఖాస్తులకు పిలుపు రాలేదు గనుక ఈసారి ఫొటో లేకుండ పంపినది. ఎకోమోద అను బట్టల కంపెనీలో పని దొరికినది. కంపెనీకి క్రొత్తగా అధ్యక్షుడైన అర్మాందో మెందోసా ఆమెను తన కార్యదర్శిగా తీసికొని, తన గదికి లోపల సామాను కొట్టు వంటి చీకటి గదిలో కూర్చుండబెట్టినాడు.

అర్మాందో గొప్ప లాభములు చూపెదనని బోర్డుకు మాట ఇచ్చినవాడు. వచ్చినవి నష్టములు. వానిని దాచుటకు ఆస్తి అప్పుల పట్టీని మార్చి వ్రాయుమని బెట్టీని అడిగినాడు. స్పానిషు వ్యవహారములో ఇట్లు మార్చిన లెక్కలను 'ముఖాలంకారము చేసిన లెక్కలు' అందురు. రచయిత చమత్కారము ఇందులో ఉన్నది. ముఖమునకు ఏనాడును రంగు పూసికొనని పిల్ల కంపెనీ లెక్కలకు రంగు పూయుచున్నది! అంతటితో ఆగలేదు. కంపెనీ ఆస్తి అప్పులవారి పాలు కాకుండ కాపాడుటకు బెట్టీ పేరుతోనే మరొక కంపెనీ పెట్టి, ఎకోమోదను దానికి బాకీపడినట్లు చేసినారు. అప్పుడు అర్మాందోకు భయము పట్టుకొన్నది. ఈ పిల్ల రేపు అంతయు తనదే అన్నచో ఏమి గతి? స్నేహితుని సలహాపై ఆమెను ప్రేమించినట్లు నటించినాడు. ఆ నాటకము నడిపెడి తీరును వివరించుచు స్నేహితుడు వ్రాసిన ఉత్తరము బెట్టీ కంటబడినది.

ఆమె గోల చేయలేదు. బోర్డు సమావేశము వచ్చువరకు ఆగి, అందరి యెదుట నిజమైన లెక్కలు బల్లపై పెట్టి వెళ్ళిపోయినది. సముద్రతీరమున కార్తహేన పట్టణములో అందాల పోటీల పనిలో ఒక పెద్దామెకు సహాయకురాలుగా కొన్నాళ్ళున్నది. అక్కడనే ఆమె వేషము మారినది, ధైర్యము వచ్చినది. తిరిగి వచ్చి ఎకోమోదకు తానే అధ్యక్షురాలైనది. పశ్చాత్తాపపడిన అర్మాందోతో చివరకు పెండ్లి జరిగినది. 2001 మే 8న కథ ముగిసినది. ఏడాదిన్నర పైచిలుకు నడచినది. బెట్టీగా ఆనా మరియా ఒరోస్కో, అర్మాందోగా హోర్హె ఎన్రికె అబెయ్యో నటించినారు.

ఈ కథను నూరు దేశములకు మించి ప్రసారము చేసినారు. రష్యా, జర్మనీ, స్పెయిన్, మెక్సికో, చైనా మొదలగు దేశములవారు హక్కులు కొని తమ తమ భాషలలో తిరిగి తీసికొన్నారు. లోకములో ఎక్కువ విజయము పొందిన టెలినొవెల ఇదియేనని 2010లో గిన్నిస్ పుస్తకమువారు గుర్తించినారు. టెలినొవెల యనగా లాటిన్ అమెరికాలో దినదినము వచ్చి, ముగింపు ముందే ఉండెడి ధారావాహిక.

బొంబాయి కాపురము

మన దేశములో 2000 జూలై 3న ఒకే రాత్రి ఒకే చానలులో రెండు కార్యక్రమములు మొదలైనవి. ఒకటి అమితాబ్ బచ్చన్ నడిపిన 'కౌన్ బనేగా కరోడ్‌పతి'. అది ఇంగ్లండు నుండి హక్కులు కొన్న పోటీ. దానికే తెలుగు రూపము 2014లో నాగార్జున నడిపిన 'మీలో ఎవరు కోటీశ్వరుడు'. రెండవది అత్తాకోడండ్ర ధారావాహిక, 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ'. అది మొదలు హిందీ టెలివిజన్‌లో పెద్ద కుటుంబములు, పట్టుచీరలు, నగలు, వంటింటి కుట్రలు రాజ్యమేలినవి. సోనీ చానలుకు వీనికి భిన్నమైనది ఒకటి కావలసివచ్చినది. 2003 సెప్టెంబరు 1న 'జస్సీ జైసీ కోయీ నహీ' ఆరంభించినారు. జస్సీ వంటిది మరొకతె లేదని అర్థము. మన సభ్యులలో మహారాష్ట్ర వైపు స్థిరపడినవారు అనేకులు దానిని హిందీలోనే చూచియుందురు.

బెట్టీ ఇక్కడ పంజాబీ పిల్ల జస్మీత్ వాలియా అయినది. ఎకోమోద గుల్‌మొహర్ అయినది. అర్మాందో అర్మాన్ సూరి అయినాడు. జస్సీగా మోనా సింగ్, అర్మాన్‌గా అపూర్వ అగ్నిహోత్రి నటించినారు. చానలువారు ఒక ఉపాయము పన్నినారు. కథలో జస్సీ వేషము మారువరకు ఆ నటి అసలు ముఖమును లోకమునకు చూపలేదు. పత్రికలవారు ఎక్కడ పిలిచినను ఆమె జస్సీగానే వచ్చినది. ఇది మూలములో లేనిది. మన దేశపు సరుకు. తెరలో నుండి నటి వెలుపలికి రాదు, పాత్రయే వచ్చును. వేషము తీయువరకు వేషమునకే గౌరవమిచ్చు మన వీధినాటకముల ప్రేక్షకునికి ఇది వింతగా తోచదు.

ఇంటిలో తెచ్చిన మార్పు ఇంకను పెద్దది. బొగొటా బెట్టీకి ఇంటిలో తల్లి, తండ్రి మాత్రమే. తండ్రి కట్టుదిట్టముల మనిషి; రాత్రి పొద్దుపోయినచో తలుపు కడ నిలుచుండువాడు. బొంబాయివారు ఆ ఇంటికి నాయనమ్మను కూడ తెచ్చినారు. ఇంటిలో నాయనమ్మ యున్నచో పిల్ల పెండ్లి మాట రాక తప్పునా! కొలంబియాలో 'ఈ పిల్లకు ఉద్యోగమెవరిత్తురు' అన్నది మొదటి ప్రశ్న. ఇక్కడ 'ఈ పిల్లను ఎవరు చేసికొందురు' అన్నది దాని ప్రక్కనే వచ్చి కూర్చున్నది. పెండ్లిచూపులలో పిల్లను నడువుమనుట, పాడుమనుట, రంగు పరకాయించుట మన ఇండ్లలోను జరిగినవే. కాబట్టి కొలంబియా కథ మన ముంగిట పరాయిగా తోచలేదు. వంటింటికి పరిమితమైన కథానాయికలు ఏలుచున్న దినములలో, భోజనపు డబ్బా పట్టుకొని ఆఫీసుకు పోయి లెక్కలు చూచెడి పిల్లను ముందు నిలిపినందుకు ఆ నిర్మాతలను మెచ్చుకొనవలెను.

మెచ్చుకొనలేనిది కూడ ఒకటి కలదు. మూలకథకు ముగింపు ముందే ఉన్నది. లెక్కలు బయటపడుట, పిల్ల వెళ్ళిపోవుట, మారి వచ్చుట, పగ్గములు పట్టుట, పెండ్లి: ఈ మెట్లు ఒకదానివెంట ఒకటి రావలెను. మన హిందీ ధారావాహికలకు ఆనాడు ముగింపు అన్నమాట గిట్టదు. ప్రేక్షకులున్నంతకాలము నడపవలసినదే. జస్సీ 2006 మే 4 వరకు, ఐదు వందల భాగములకు మించి నడచినది. సాగదీసినకొలది క్రొత్త విరోధులు, క్రొత్త వేషములు, విడిపోవుటలు, కలియుటలు వచ్చి చేరినవి. లెక్కల పిల్ల కథ వెనుకబడి, అందరి ధారావాహికల వలెనే అయినది. ఏ అత్తాకోడండ్ర కథలకు ఎదురుగా పుట్టినదో, తుదకు వాని అలవాటే దానికి అబ్బినదని మా అభిప్రాయము.

న్యూయార్కు కాపురము

అమెరికాలో 2006 సెప్టెంబరు 28న ఎ.బి.సి. సంస్థ 'అగ్లీ బెట్టీ'ని ప్రారంభించినది. తీర్చిదిద్దినవాడు సిల్వియో హోర్తా. మయామీలో పుట్టిన క్యూబా సంతతివాడు. నిర్మాతలలో ఒకరు మెక్సికో నుండి వచ్చిన నటి సల్మా హాయక్. బెట్టీగా నటించిన అమెరికా ఫెరేరా లాస్ ఏంజెలిస్‌లో పుట్టినది. తల్లిదండ్రులు హోండురాస్ నుండి వలస వచ్చినవారు. అనగా ఈ కథను ఆ దేశమునకు తెచ్చినవారు వలస కుటుంబముల బిడ్డలే. దానికి తగినట్లే వారి బెట్టీ కూడ వలస కుటుంబపు పిల్ల. ఇల్లు న్యూయార్కులో క్వీన్స్ పేటలో. తండ్రి ఇగ్నాసియో మెక్సికో దేశస్థుడు. అక్క, అక్క కొడుకు కూడ ఆ ఇంటిలోనే. మొదటి దినము బెట్టీ 'గ్వాదలహారా' అని మెక్సికో పట్టణము పేరున్న ఎర్రని పైవస్త్రము కప్పుకొని ఆఫీసుకు పోవును. అక్కడివారు నవ్వుదురు. పండుగకు అమ్మ కట్టిన పట్టుపరికిణీతో బడికి పోయి బిక్కముఖము వేసికొని వచ్చిన పిల్లలు మన ఇండ్లలో లేరా?

ఇక్కడ బట్టల కంపెనీకి బదులు 'మోడ్' అను ఫ్యాషన్ పత్రిక. బెట్టీ అర్థశాస్త్రము చదివినది కాదు. పత్రికా రచయిత్రి కావలెనన్నది ఆమె కోరిక. ఆమెను ఏరినది యజమాని డేనియల్ కాదు, వాని తండ్రి. కుమారుడు కార్యదర్శినులతో సరసములాడుననియు, ఈ పిల్లయైనచో ఆ భయము లేదనియు తలచి తీసికొన్నాడు. బొగొటాలో అందము లేకపోయినను చదువును చూచి పని ఇచ్చినారు. న్యూయార్కులో అందము లేదనియే పని ఇచ్చినారు! దొంగ లెక్కలు లేవు, బెట్టీ పేరుతో కంపెనీ లేదు, ప్రేమ నటన లేదు. మూలకథకు వెన్నెముక వంటి ఘట్టములన్నియు తీసివేసినారు. దినమున కొకటిగా వచ్చిన కథను వారమున కొకటిగా, 85 భాగములలో, 2010 ఏప్రిల్ 14 వరకు నడపినారు.

మరి వెన్నెముక తీసినను కథ ఎట్లు నిలిచినది? మేము రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు ఒక సంగతి కనబడినది. న్యూయార్కు ఇంటిలో తండ్రి జబ్బుపడినప్పుడు వైద్యపు కాగితములు సరిచూడబోగా బెట్టీకి ఒక నిజము తెలియును. తండ్రి వాడుచున్న ప్రభుత్వపు గుర్తింపు సంఖ్య ఆయనది కాదు, చనిపోయిన మరొకనిది. ఆయన ఆ దేశములో అనుమతి లేకుండ ఉన్నాడు. తుదకు మెక్సికో పోయి అనుమతి పత్రము తెచ్చుకొనవలసి వచ్చి, అక్కడ చిక్కుకొని, కొన్నాళ్ళకు గాని తిరిగి రాలేకపోయినాడు.

బొగొటాలో ఆస్తి అప్పుల పట్టీ ఎట్టిదో న్యూయార్కులో ఈ సంఖ్య అట్టిది. రెండును అబద్ధమాడెడి కాగితములే. అక్కడ కూతురు యజమానిపై మక్కువతో తప్పు వ్రాసి, తండ్రికి తెలిసిన తలవంపులని వణకినది. ఇక్కడ తండ్రి బిడ్డల కొరకు తప్పు చేసి, కూతురికి తెలిసిన తలవంపులని దాచినాడు. తలక్రిందులుగా పెట్టినను బరువు మారలేదు. 1999లో బొగొటావారిని వేధించిన భయము ఉద్యోగము. 2006లో క్వీన్స్ పేటవారిని వేధించిన భయము కాగితము. ఎక్కడి పుండును అక్కడ తాకినారు. అందుచేతనే, మూలమును సగము వదలివేసినను, అది పనికిమాలిన నకలు కాలేదు. 2007లో అమెరికా ఫెరేరాకు ఆ దేశపు పెద్ద బహుమానములు గోల్డెన్ గ్లోబు, ఎమ్మీ రెండును వచ్చినవి.

ముగింపులో కూడ తేడా ఉన్నది. బొగొటా, బొంబాయి కథలు పెండ్లితో ముగిసినవి. న్యూయార్కు బెట్టీ లండనులో పత్రికోద్యోగమునకు పోవును. డేనియల్ అక్కడికి వచ్చి పలుకరించును. ఆపైన ఏమగునో ప్రేక్షకుల ఊహకు వదలినారు. పండ్ల క్లిప్పులు కూడ చివరి సంవత్సరములో, అందరికిని తీసినట్లే, వైద్యుడు తీయును. ఒక్క రాత్రిలో రాజకుమార్తె యగుట లేదు. ఈ విషయములో మూలము కంటె అనుసరణయే సత్యమునకు దగ్గరగా ఉన్నదని మాకు తోచినది. జుట్టు దిద్దుకొని వచ్చిన తరువాత కదా బొగొటాలోను, బొంబాయిలోను ఆ పిల్లకు పగ్గములు దక్కినది! అందము లేనిదానికి న్యాయము జరుగవలెనని మొదలుపెట్టిన కథ, ఆమెను అందగత్తెను చేసి గాని న్యాయము చేయలేకపోయినది. బాగుగ ఆలోచించి చూడుడు.

మనకు సంబంధించిన మాట

మూడు ఇండ్లలోను మారనిది ఒకటి కలదు. పిల్ల సాయంత్రమునకు ఇంటికి వచ్చును. ఆఫీసులో ఎన్ని అవమానములు జరిగినను, ఆ గడప లోపల ఆమె కురూపి కాదు. ఆ ఇల్లు తీసివేసినచో బెట్టీ లేదు, జస్సీ లేదు. కళ్ళజోడు, క్లిప్పులు ఎవరైనను తెచ్చుకొనగలరు. ఆ గడపను తమ నేలపై తిరిగి కట్టుకొన్నవారే కథను బ్రతికించినారు.

మన సంగతి చూతము. మనలో కొందరి పూర్వులు బ్రతుకుతెరువుకై వచ్చినారు. కొందరు ఎక్కడికిని పోలేదు, సరిహద్దులే కదలినవి. 1936లో బరంపురము ఒరిస్సాలో చేరినది. 1953లో బళ్ళారి మైసూరులో చేరినది. ఎట్లు వచ్చినను, మనమందరము ఒక విధముగ అనుసరణలమే. కన్నడము, తమిళము, ఒరియా, మరాఠీ నేర్చుకొని, ఆ యూరి పండుగలు మనవిగా చేసికొన్నాము. అది తప్పు కాదు. జస్సీ పంజాబీ పిల్ల అయినందున బెట్టీకి ద్రోహము జరుగలేదు.

కాని బెట్టీ కథలోని లెక్కల పట్టీని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బడిలో పిల్లను చేర్పించునపుడు దరఖాస్తులో మాతృభాష అని ఒక గడి ఉండును. జనాభా లెక్కలవారు వచ్చినపుడును ఆ ప్రశ్న అడుగుదురు. సౌకర్యము కొరకనో, ఎందుకు వచ్చిన గొడవ యనియో, స్థానిక భాష పేరు చెప్పి ఊరకుండెడివారు మనలో కలరు. మేమును ఒకప్పుడు అట్లే చేసినాము గనుక ఇతరులను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. ఒక చిన్న గడిలో వ్రాసినదానికి ఏమగునని మేము అనుకొన్నాము. తరువాత మా బడిలో తెలుగు తరగతికి చాలినంతమంది పిల్లలు లేరన్నారు. లెక్క ప్రకారము నిజమే! ఆ లెక్కకు రంగు పూసినది మేమే.

క్రొత్త సంవత్సరములో ఆ గడిని నిజముగా నింపుదము. వీధి భాషను చక్కగ నేర్పుదము. ఇంటికి వచ్చిన బిడ్డతో తెలుగు మాటాడుదము. వేపపువ్వు ఏ చెట్టుదైనను, బెల్లము ఏ యూరి సంతలోనిదైనను, పచ్చడి మన ఇంటిదే గదా. పాఠక సోదర సోదరీమణులందరికిని ఉగాది శుభాకాంక్షలు.